అగ్రశ్రేణి క్రీడాకారుల పాఠాల కోర్సు: ఒక వార్డు ఇన్‌ఛార్జి సమీక్ష

ఈ వీడియో కోర్సు తీసుకోవచ్చా అని అడిగిన సహోద్యోగులందరికీ నేను ఒకటే జవాబు చెబుతున్నాను. నలుగురి చేత పని చేయించే బాధ్యత మీ మీద ఉంటే తప్పకుండా తీసుకోండి. మీ ఒక్కరి కోసమే అయితే సగమే ఉపయోగపడుతుంది. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

నేను శస్త్రచికిత్స వార్డులో ఇన్‌ఛార్జి నర్సును. డ్యూటీ చార్టు వేయడం, కొత్తగా చేరినవారికి పని నేర్పడం, రాత్రి ఏదైనా అత్యవసర పరిస్థితి వస్తే మర్నాడు అందరితో కూర్చొని ఏం జరిగిందో పరిశీలించడం నా పనులు. ఒలింపిక్ విజేతల కథలతో ఉత్సాహపరిచే ఉపన్యాసాలు ఇంతకుముందు చాలా విన్నాను. విన్నంతసేపూ గుండె పొంగుతుంది. డ్యూటీలోకి వెళ్లాక ఏ పని ఎలా మార్చుకోవాలో మాత్రం తెలియదు. ఈ కోర్సు పరిచయంలో పతకాల గురించి కన్నా సాధన గురించి ఎక్కువ రాసి ఉండడం చూసి చేరాను.

కోర్సులో రికార్డు చేసిన చిన్న చిన్న వీడియోలు, అచ్చు తీసుకోదగిన అభ్యాస పుస్తకం, వారానికొకసారి ఒక మాజీ కోచ్‌తో జరిగే లైవ్ సమావేశం ఉంటాయి. వీడియోలు టీ విరామంలో ఒకటి చూసి ముగించగలిగేంత నిడివిలోనే ఉన్నాయి. షిఫ్టుల్లో పనిచేసేవారికి అది పెద్ద సౌకర్యం.

మొదటి భాగం సంకల్పబలం గురించి. దాన్ని దాటి వెళ్లండి. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్‌ను స్కూలు జట్టులోంచి గెంటేశారన్న కథతో మొదలవుతుంది. నిజానికి ఆ ఏడాది అతన్ని సీనియర్ జట్టుకు తీసుకోలేదు కానీ జూనియర్ జట్టులో ఆడించారు. ఆ వయసు కుర్రాడికి అక్కడ రోజూ ఆడే అవకాశం దొరికింది. అవమానం మనిషిని పెంచిందని చెప్పాలనుకున్నప్పుడు ఆ జూనియర్ జట్టు అడ్డొస్తుంది కాబట్టి ఈ వీడియోలో అది కనబడదు. నాకైతే ఆ కథలో అసలు విలువైనది ఆ జూనియర్ జట్టే. నేర్చుకునేవారికి తగిన స్థాయిలో ఆడే చోటు ఎవరో ఏర్పాటు చేసి ఉంచారు.

రెండో భాగంతో కోర్సు నిలబడింది. సాధనకూ ప్రదర్శనకూ మధ్య ఉన్న నిష్పత్తి మీద అంత స్పష్టమైన వివరణ నేను మరెక్కడా వినలేదు. ఈతగాడు ఏడాదంతా నీళ్లలో ఉంటాడు, అసలు పోటీలో ఉండేది కొన్ని నిమిషాలు. ఉద్యోగంలో మన సంగతి తలకిందులు. వచ్చిన క్షణం నుంచి వెళ్లే క్షణం దాకా పోటీలోనే ఉంటాం, సాధనకంటూ వేరే సమయం ఉండదు. ఏళ్ల తరబడి అదే పని చేస్తున్నాం కాబట్టి నైపుణ్యం దానంతటదే పెరుగుతుందని అనుకుంటాం. తప్పు చేసినా ఎవరికీ నష్టం లేని చోట, కష్టమైన ముక్కను విడదీసి, మళ్లీ మళ్లీ చేసి, వెంటనే దిద్దించుకుంటేనే అది పెరుగుతుందని ఈ భాగం ఓపికగా చూపిస్తుంది.

దీనికి తీసుకున్న ఉదాహరణ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఈదిన 200 మీటర్ల బటర్‌ఫ్లై పోటీ. దూకగానే కళ్లద్దాల్లోకి నీరు చేరడం మొదలైంది. చివరి వంద మీటర్లలో గోడ ఎక్కడుందో కనిపించే స్థితి లేదు. అతను బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఈ సంఘటనను చాలామంది మనోనిబ్బరానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. ఈ వీడియో అక్కడ ఆగలేదు. ప్రతి యాభై మీటర్లకు తనకు ఎన్ని బారలు పడతాయో అతనికి ముందే తెలుసు. కోచ్ బాబ్ బౌమన్ శిక్షణలో కావాలనే ఇబ్బందులు కల్పించి ఈదించేవాడు. అంటే ఆ రోజు జరిగినదాని మీద చాలా వరకు సాధన అప్పటికే పూర్తయి ఉంది. నిబ్బరం అక్కడినుంచి వచ్చింది.

ఈ ముక్క విన్నాక నేను చేసిన మొదటి పని సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, శ్వాస అందించే అత్యవసర చికిత్స) శిక్షణను మార్చడం. మా దగ్గర సీపీఆర్ శిక్షణ అంటే ఒక రోజు తరగతి, ఒక పరీక్ష, ఒక సర్టిఫికెట్. కానీ ఆ నైపుణ్యం శిక్షణ తర్వాత కొన్ని నెలల్లోనే సడలిపోతుందని వైద్యరంగంలో అందరికీ తెలిసిన విషయమే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కాలని నోటితో చెప్పడం తేలిక. చేతులకు ఆ లోతు గుర్తుండడం వేరే సంగతి. ఇప్పుడు షిఫ్టు మారే సమయంలో, వచ్చేవారూ వెళ్లేవారూ ఇద్దరూ ఉన్నప్పుడు, బొమ్మ మీద కొద్ది నిమిషాల అభ్యాసం పెడుతున్నాను. ఫెల్ప్స్ ఉదాహరణ గుర్తుపెట్టుకొని ప్రతిసారీ ఏదో ఒక అడ్డంకి కలుపుతాను. ఒకసారి ఎమర్జెన్సీ ట్రాలీలో అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి శ్వాస అందించే సంచి) ఉండదు. ఇంకోసారి డాక్టరుకు చేసిన ఫోను ఎవరూ ఎత్తరు. మరోసారి బంధువుల పాత్రలో ఒకరు మంచం పక్కనే నిలబడి ఏడుస్తుంటారు. మొదట్లో కొత్త నర్సులు బొమ్మ ముందు బిగుసుకుపోయేవారు. ఇప్పుడు ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు ట్రాలీ అడుగు అరలో వెతుకుతూ, మూడోవారిని పక్క వార్డుకు పంపుతున్నారు. ఎవరూ చెప్పకముందే పనులు పంచుకుంటున్నారు. నాకు కావలసింది అదే.

ఇంత బాగా సాగిన భాగం చివర్లో పదివేల గంటల సూత్రాన్ని తెచ్చి అంటించడం నన్ను బాధించింది. ఏ రంగంలోనైనా పదివేల గంటలు సాధన చేస్తే శిఖరానికి చేరతారని వ్యాఖ్యాత ధీమాగా చెబుతారు. ఈ సంఖ్యకు మూలం 1993లో మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం. పదివేలు అన్నది ఇరవై ఏళ్ల వయసుకు మేటి విద్యార్థుల సగటు. వారిలో ఆ సంఖ్యకు చేరనివారూ చాలామంది ఉన్నారు. అది హామీ ఇచ్చే గీత కాదని ఎరిక్సనే తర్వాత స్పష్టంగా రాశారు. 2014లో బ్రూక్ మెక్‌నమారా అనే పరిశోధకురాలి బృందం సాధన మీద అప్పటిదాకా వచ్చిన 88 అధ్యయనాలను కలిపి చూసింది. మనిషికీ మనిషికీ నైపుణ్యంలో ఉన్న తేడాలో సాధన వివరించగలిగింది క్రీడల్లో 18 శాతం, వృత్తుల్లో ఒక శాతం కన్నా తక్కువ. ఏం జరగబోతోందో ముందే ఊహించగల పనుల్లో సాధన ప్రభావం ఎక్కువగా కనిపించిందని కూడా వారు గమనించారు. నా అనుభవం దీనికి దగ్గరగా ఉంది. సీపీఆర్ వంటి నిర్దిష్టమైన పనికి సాధన అద్భుతంగా పనిచేస్తుంది. ఆపరేషన్ తర్వాత రెండో రోజు రోగి ముఖం చూసి ఏదో తేడాగా ఉందని పసిగట్టడానికి బొమ్మ మీద అభ్యాసం సరిపోదు. దానికి అనుభవజ్ఞురాలి పక్కన నిలబడి, ఆమె ఏం చూస్తోందో అడిగి తెలుసుకోవాలి. కోర్సు ఈ తేడా చెప్పి ఉంటే సాధన మీద చెప్పిన మంచి మాటలకు బలం ఇంకా పెరిగేది.

మూడో భాగం పొరపాట్ల గురించి. టెన్నిస్ దిగ్గజం రోజర్ ఫెదరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పట్టభద్రుల ముందు చెప్పిన లెక్కను ఇక్కడ వాడారు. ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచుల్లో దాదాపు 80 శాతం గెలిచాడు, కానీ మొత్తం పాయింట్లలో గెలిచింది 54 శాతమే. పోయిన పాయింటును అక్కడే వదిలేసి తర్వాతిది ఆడాలన్నది పాఠం. నేను దీని గురించి చాలా ఆలోచించాను. ఒక రోగి దగ్గర ఇంజెక్షన్ ఆలస్యమైంది. పక్క మంచం మీద ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. మొదటిదాన్ని తలుచుకుంటూ రెండో రోగి దగ్గరికి వెళితే అక్కడా తప్పు జరుగుతుంది. అంతవరకు ఫెదరర్ మాట అక్షరాలా నిజం. కానీ టెన్నిస్‌లో పోయిన పాయింటు స్కోరుబోర్డు మీద ఉంటుంది, ఎవరూ దాచలేరు. వార్డులో జరిగిన ఆలస్యం ఎవరూ రాయకపోతే లేనట్టే. అందుకని మేము ముందు రాస్తాం, ఆ తర్వాతే మనసులోంచి తీసేస్తాం. రాసినందుకు ఎవరినీ దోషిగా నిలబెట్టబోమన్న నమ్మకం ఉంటేనే రాస్తారు. ఆ నమ్మకం కల్పించడం ఇన్‌ఛార్జి పని. కోర్సులో ఈ రెండో సగం లేదు. వింటున్న వ్యక్తి మనసును మాత్రమే దిద్దాలని చూస్తుంది. ఆ వ్యక్తి చుట్టూ ఉన్న ఏర్పాటును తాకదు.

అదే భాగంలో ఫుట్‌బాల్ గోల్‌కీపర్ల మీద చెప్పిన పరిశోధన నాకు ఎంతో నచ్చింది. మైకేల్ బార్-ఎలి బృందం 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించి 2007లో ప్రచురించింది. దాదాపు 94 శాతం సార్లు గోల్‌కీపర్ ఏదో ఒక పక్కకు దూకాడు. మధ్యలో కదలకుండా నిలబడిన కొద్ది సందర్భాల్లోనే బంతిని ఆపిన శాతం ఎక్కువ. దూకి గోల్ పోతే ప్రయత్నించాడంటారు, నిలబడి పోతే ఏమీ చేయలేదంటారు. బంధువులు చుట్టూ నిలబడి ఏదో ఒకటి చేయమని ఒత్తిడి చేస్తున్నప్పుడు, నాడి, శ్వాస, రక్తపోటు చూస్తూ మంచం పక్కనే ఉండడం కూడా చికిత్సలో భాగమేనని కొత్తవారికి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

విశ్రాంతి మీద ఉన్న భాగం కోసమైనా ఈ కోర్సును సిఫారసు చేస్తాను. దూర పరుగు వంటి ఓర్పు క్రీడల్లో అగ్రశ్రేణివారి శిక్షణలో సుమారు 80 శాతం తేలికైన వేగంతోనే సాగుతుందని క్రీడా శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ పరిశోధనల ఆధారంగా చెబుతారు. రోజూ శక్తి అంతా ధారపోయడం శిక్షణ కాదన్న సంగతి చాలామంది ఉద్యోగులకు, ముఖ్యంగా వారి పై అధికారులకు, తెలియాలి. నిద్ర గురించి 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద షెరీ మా అనే పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనాన్ని చూపారు. రోజుకు కనీసం పది గంటలు మంచం మీద గడిపేలా చూస్తే ఫ్రీ త్రోల (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే బంతుల) కచ్చితత్వం 9 శాతం పెరిగింది. పాల్గొన్నది 11 మంది ఆటగాళ్లేనని, పోల్చడానికి వేరే బృందం లేదని కూడా ఆ వీడియోలోనే చెప్పి ఉండాల్సింది. నిద్రలేమి చేసే హాని రాత్రి డ్యూటీ చేసే ఎవరికైనా శరీరంతో తెలుసు కాబట్టి అసలు విషయంలో నాకు అనుమానం లేదు.

నా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. అభ్యాస పుస్తకంలో ఈ భాగానికి ఇచ్చిన పని, "ఈ రాత్రి నుంచి త్వరగా పడుకుంటానని నిర్ణయించుకోండి" అన్నది. సాయంత్రం డ్యూటీ ముగించి ఇంటికి చేరేసరికి బాగా రాత్రవుతుంది. మర్నాడు ఉదయం డ్యూటీ వేస్తే ఆ నర్సు ఎంత నిర్ణయించుకున్నా నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? ఆటగాడి విశ్రాంతి అతని సంకల్పం మీద నడవదు. కోచ్ రాసిన పట్టికలో అది ఉంటుంది, జట్టంతా దాన్ని గౌరవిస్తుంది. నేను డ్యూటీ చార్టు తీసుకొని సాయంత్రం డ్యూటీ మర్నాడే ఉదయం డ్యూటీ వచ్చే చోట్లన్నీ గుర్తించాను. మనుషులు తక్కువగా ఉన్నందువల్ల అన్నీ తీసేయలేకపోయాను. చాలా వరకు తీసేశాను. రాత్రి డ్యూటీలు ముగిశాక వచ్చే సెలవును మధ్యలో సమావేశాలకు పిలిచి పాడుచేయకూడదన్న నియమం పెట్టాను. ఈ మార్పుల తర్వాత హ్యాండోవర్ (షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం) సమయంలో వచ్చే ప్రశ్నలు మెరుగయ్యాయి. మెలకువగా ఉన్నవారే ప్రశ్నలు అడుగుతారు.

కెన్యా మారథాన్ వీరుడు ఎలియుడ్ కిప్చోగే మీద ఉన్న వీడియో కూడా ఇలాగే సగం చెప్పి ఆగిపోయింది. 2019 అక్టోబరు 12న వియన్నాలో 42.195 కిలోమీటర్లు 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తి, మనిషికి హద్దులు లేవని నిరూపించాడని చెబుతారు. ఆ రోజు అతని చుట్టూ వంతులవారీగా 41 మంది పేసర్లు (వేగం నిలపడానికి తోడుగా పరుగెత్తేవారు) గాలిని చీలుస్తూ పరుగెత్తారు. ముందు వెళుతున్న కారు నుంచి లేజర్ కిరణాలు నేల మీద దారి, వేగం చూపించాయి. ఆ ఏర్పాట్ల వల్లనే అది అధికారిక ప్రపంచ రికార్డుగా నమోదు కాలేదు. ఆ 41 మందిలో చాలామంది ప్రపంచ స్థాయి పరుగువీరులే. అలసిపోకముందే ఒక గుంపు తప్పుకొని ఇంకొక గుంపు ఆ చోటులోకి వచ్చేది. సీపీఆర్‌లో సరిగ్గా ఇదే చేస్తాం. రెండు నిమిషాలకొకసారి నొక్కే మనిషి మారాలి, తనకింకా బలముందని అనిపించినా సరే. ఎందుకంటే అలసట మనకు తెలిసేలోపే నొక్కే లోతు తగ్గిపోతుంది. కిప్చోగే పరుగులో వార్డుకు పనికొచ్చే పాఠం ఆ పేసర్ల మార్పిడిలో ఉంది. కోర్సు వారి గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టింది.

బ్రిటిష్ సైక్లింగ్ జట్టు చిన్న చిన్న మెరుగుదలల కథ కూడా ఉంది. దిండ్లు, చేతులు కడుక్కునే పద్ధతి వంటి ప్రతి చిన్న విషయాన్నీ కొంచెం మెరుగుపరిచి గెలిచారని అందులో చెబుతారు. 1997 నుంచి ఆ క్రీడలోకి ప్రవహించిన లాటరీ నిధుల ప్రస్తావన లేదు. అదే పద్ధతికి పేరుపొందిన టీమ్ స్కై అనే వృత్తి సైక్లింగ్ జట్టు మందుల వాడకంలో నైతిక హద్దు దాటిందని 2018లో బ్రిటిష్ పార్లమెంటరీ కమిటీ చెప్పిన మాటా లేదు. అంతటితో వదిలేస్తాను.

అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ మీద ఉన్న వీడియోను మాత్రం నా వార్డులో అందరికీ చూపించాను. టోక్యో ఒలింపిక్స్ జట్టు ఫైనల్లో వాల్ట్ మీద రెండున్నర మెలికలు తిరగాల్సిన చోట ఒకటిన్నర మాత్రమే తిరిగి దిగింది. గాలిలో తన శరీరం ఎక్కడుందో తెలియడం లేదని గ్రహించి తప్పుకుంది. తర్వాత బీమ్ మీద కాంస్యం, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు వచ్చాయి. వ్యాఖ్యాత దీన్ని ధైర్యం, పిరికితనం అన్న చర్చలోకి లాగకుండా భద్రత విషయంగా వివరించారు. దిక్కు తెలియకుండా ఆ ఎత్తులో తిరిగితే మెడ విరగవచ్చు. ఆ స్థితిని ముందుగా చెప్పగలిగే వాతావరణం జట్టులో ఉండాలి. రాత్రి డ్యూటీలో తెల్లవారుజామున మందు మోతాదు లెక్క వేస్తూ, "సిస్టర్, నాకు అంకెలు కుదరడం లేదు, ఒకసారి మీరు చూడండి" అనగలిగిన నర్సు రోగిని కాపాడుతుంది. ఆ మాట అన్నవారిని ఎవరూ చులకన చేయకూడదని ఈ వీడియో చూశాక మేమంతా మాట్లాడుకున్నాం. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వంటివాటి మోతాదును ఇద్దరు సరిచూడాలన్న నియమం ముందునుంచీ ఉంది. ఇప్పుడు దాన్ని తొందరలో సంతకంతో సరిపెట్టడం తగ్గింది.

లైవ్ సమావేశాలు నడిపే కోచ్ నిజంగా వినే మనిషి. పాత అలవాటు వదలలేని సీనియర్ల గురించి నేను అడిగినప్పుడు, 2004 జనవరిలో సిడ్నీలో సచిన్ తెందూల్కర్ ఆడిన 241 నాటౌట్ గుర్తుచేశారు. ఆఫ్ స్టంప్ బయట డ్రైవ్ చేస్తూ అవుటవుతున్న కాలంలో, తనకెంతో పేరు తెచ్చిన కవర్ డ్రైవ్‌ను ఆ ఇన్నింగ్స్‌లో పక్కన పెట్టి ఆడాడు. "మీ సీనియర్లను కొత్త పద్ధతి నేర్చుకోమనకండి, ఒక వారంపాటు ఒక్క పాత పద్ధతిని వాడకుండా ఉండమనండి" అన్నారు. హ్యాండోవర్‌ను జ్ఞాపకం నుంచి చెప్పే అలవాటు మీద దీన్ని ప్రయత్నించాం, పనిచేసింది. రికార్డు చేసిన వీడియోల్లో ఇలాంటి పదును తక్కువ.

సేవ విషయంలో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. యాప్ నుంచి వచ్చే ప్రోత్సాహక సందేశాల్లో ఒకటి, మిగతావాళ్లు నిద్రపోతున్నప్పుడు విజేతలు శ్రమిస్తారని చెబుతుంది. నిద్ర మీద అంత మంచి భాగం తయారుచేసినవారే ఈ సందేశం పంపడం సరికాదని వారికి రాశాను. సందేశాలు ఆపుకొనే వీలు ఎక్కడుందో చెప్పారు కానీ ఆ వాక్యాన్ని తీసేయలేదు. రెండోది, అభ్యాస పుస్తకం అంతా అమ్మకాల లక్ష్యాలు, ఈమెయిళ్లు ఉన్న ఉద్యోగాలను దృష్టిలో పెట్టుకొని రాశారు. బడి, వార్డు, కర్మాగారం వంటి చోట పనిచేసేవారు ప్రతి ప్రశ్ననూ తమకు తగినట్టు తిరగరాసుకోవాలి. సాధనను తయారుచేసుకునే పేజీ ఒక్కటి దీనికి మినహాయింపు. అది ఏ పనికైనా సరిపోతుంది.

తీసుకునేవారు రెండో భాగంతో మొదలుపెట్టి, విశ్రాంతి, బైల్స్ వీడియోలు చూసి, తర్వాత మిగతావాటికి వెళ్లండి. ఒక జట్టుకు ఒక్క చందాయే వీలైతే డ్యూటీ చార్టు వేసే మనిషికి ఇప్పించండి. కోచ్ సమావేశాలు సాయంత్రం మాత్రమే జరుగుతాయి, వాటి రికార్డింగులు ఇవ్వడం లేదు. సాయంత్రం డ్యూటీలు ఉన్నవారు చేరేముందు ఈ ఒక్క విషయం చూసుకోవాలి.